కూర్చుంటే ఎగిరే గూడబాతులు

1

చెక్క తీసుకుంటే పని నమోదు రాయాలట. స్టోరు తలుపు మీద కాగితం అంటించారు. రాయకపోతే రెండోసారి చెక్క ఇవ్వరు. సరే, రాస్తున్నాను. చదివేవాళ్ళకి నచ్చకపోతే నాకేం బాధ లేదు.

పేరు: పోలమ్మ. పని: ఉప్పుమెట్ట నడకచక్రంలో మెట్లు మార్చడం. చక్రం మీద మనుషులు నడుస్తుంటారు, వాళ్ళ కాళ్ళ కింద మెట్లు అరుగుతుంటాయి, అరిగినవి ఊడదీసి కొత్తవి బిగిస్తాను. నాకెవరూ నేర్పలేదు. ఊడిన మెట్లు తిరగేసి, ఎందుకు ఊడాయో చూసి నేర్చుకున్నాను.

ఇవాళ చక్రం మేనేజరు ఉమాకాంతం గారు ఆఫీసుకి పిలిచారు.

"పోలమ్మా, బొమ్మలు చెయ్యడం వచ్చా?"

"మెట్లు చెయ్యడం వచ్చు సార్."

"రెండూ చెక్కే కదా."

ఆ లెక్కన మీరూ నేనూ కూడా ఒకటే, ఇద్దరిదీ మాంసమే. ఈ మాట పైకి అనలేదు. అనుంటే ఈ నమోదు రాసే పని తప్పేది.

మెట్ట పుట్టినరోజుకి చక్రం హాల్లో ఒక శిల్పం పెట్టాలట. మమ్మల్ని ఏలే పైమెట్ట నుంచి ఉత్తర్వు వచ్చింది. కదిలే శిల్పం. కార్మికులు పాల్గొంటేనే కదలాలి. పైమెట్ట పెద్దలు అక్కణ్ణుంచే తెర మీద చూస్తారు.

"కరెంటు ఇస్తారా సార్?"

"కరెంటు ఎక్కడిదమ్మా? మనుషులతో కదలాలి. అదే దాని అందం."

మనుషులతో కదిలేది ఒకటి హాల్లో ఇప్పటికే ఉంది. పగలూ రాత్రీ కిర్రుమంటూనే ఉంది. దాని అందం చూడాలనుకుంటే వచ్చి రెండు గంటలు తొక్కమనండి.

తీసుకున్న చెక్క: పాత పడవ నుంచి ఊడదీసిన పనస పలకలు, అంకుడు దుంగలు కొన్ని, పళ్ళచక్రాలకి తుమ్మ.

2

పని మొదలు కాలేదు. ఎందుకు కాలేదో కూడా రాయాలట కాబట్టి రాస్తున్నాను. చక్రం మీద వరసగా మెట్లు విరిగాయి. వానాకాలం దగ్గర పడితే చెక్క ఉబ్బుతుంది, బిగుసుకుంటుంది, పగులుతుంది.

ఇంతకుముందు మోటార్లు ఉండేవట. ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. కరెంటు దాచుకునే పెట్టెలు కూడా గుల్లయిపోయాయి. కాళ్ళు తుప్పు పట్టవు కదా, అందుకని చక్రం కట్టారు. మేం తొక్కితే సముద్రపు నీళ్ళు పైకెక్కి మంచినీళ్ళవుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర వెలుగుతుంది, గోడ కన్ను తెరుచుకుంటుంది. షిఫ్టు మారేటప్పుడు చక్రం నెమ్మదిస్తే అన్నీ కలిసి ఒకసారి మసకబారతాయి. కన్ను కూడా రెప్ప వాలుస్తుంది. అప్పుడు చూడాలి, హాలంతా ఒకేసారి ఒళ్ళు విరుచుకుంటుంది.

గోడ కన్ను పని ఒకటే. ఎవరు నిలబడ్డారు, ఎవరు నడిచారు, ఎవరు కూర్చున్నారు చూడడం. హాల్లో కూర్చోకూడదు. ముందున్న మేనేజరు బల్లలన్నీ తీయించి వంటకి కొట్టించాడు. పడుకునే షెడ్డులో తప్ప ఉప్పుమెట్ట మీద కూర్చునే చోటు లేదు. మెట్టంతా సముద్రంలో సిమెంటు కాళ్ళ మీద నిలబడి ఉంది, మేమూ అలాగే నిలబడి ఉన్నాం. కన్ను కూర్చున్నవాళ్ళని చూస్తే గంట కొడుతుంది. మూడోసారి గంట మోగేలోపు లేవకపోతే ఒక గుర్తు. మూడు గుర్తులు పడితే దిగువ మడులకి పంపేస్తారు. అక్కడ రోజంతా ఉప్పునీళ్ళలో నిలబడి ఉప్పు గోకాలి. వెళ్ళినవాళ్ళ పాదాలు ఎలా ఉంటాయో నేను చూశాను. రాయను.

అసిరమ్మత్తకి రెండు గుర్తులు పడ్డాయి.

అత్త అంటే చుట్టరికం కాదు. మా అమ్మ పోయాక నన్ను తన చాప మీద పడుకోబెట్టుకుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్టు అరిగితే నేను మార్చగలను.

3

మొదటి నమూనా అయింది.

గూడబాతులు చేశాను. మా అమ్మమ్మ కాలంలో ఈ వైపుకి చలికాలంలో వేలకి వేలు వచ్చేవట, చింతచెట్ల మీద గూళ్ళు కట్టేవట. ఇప్పుడు చెట్లూ లేవు, అవీ రావు. అంకుడు కర్ర తేలిక, చెప్పినట్టు వింటుంది. ముక్కు కింద సంచీతో సహా చెక్కాను. ఒక ఇరుసు, ఇరుసు మీద ఎగుడుదిగుడు బిళ్ళలు. ఇరుసు తిరిగితే బిళ్ళలు పుల్లలని ఎత్తుతాయి, పుల్లలు రెక్కలని ఎత్తుతాయి. పక్కన ఒక పిడి. పిడి తిప్పితే బాతులు ఎగురుతాయి.

బాగుంది. నేను చేశానని కాదు, నిజంగానే బాగుంది.

షిఫ్టు దిగి వస్తున్న అసిరమ్మత్తని నా చెక్కల షెడ్డులోకి లాక్కొచ్చాను. ఇక్కడ గోడ కన్ను లేదు. చూపు ఆనడానికి అత్త చాలాసేపు కళ్ళు చికిలించింది.

"ఇయ్యేటే? గూడబాతులేటి?"

"అవునత్తా. ఇదిగో, ఇది పట్టుకుని తిప్పు."

తిప్పింది. రెక్కలు లేచాయి. అత్త ముఖంలోకి చూస్తున్నాను, నవ్వుతుందేమోనని. మూడు చుట్లు తిప్పి పిడి వదిలేసింది.

"ఇదీ తిప్పుడేనా?"

"మరి తిప్పకపోతే ఎలా ఎగురుతాయి?"

"పొద్దల్లా కాళ్ళతో తిప్పి వొస్తన్నాం. ఇక్కడికొచ్చి సేత్తో తిప్పమంతావేటే గుంటా? బొమ్మకాడ కూడా డూటీయేనా?"

నాకు ఒళ్ళు మండింది. రాత్రీ పగలూ కూర్చుని, కాదు, నిలబడి చేశాను. "నీకు బొమ్మంటే ఏంటో తెలీదత్తా" అన్నాను.

"తెల్దమ్మా. బొమ్మలాటకి నాకు తీరుబడెప్పుడున్నాదీ?" అని నడుం పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక పిడి విరగ్గొట్టాను. పిడికి వాడిన చెక్క: తుమ్మ, జానెడు. వృథా అని రాసుకోండి.

4

కోపం పోలేదు గానీ ఎవరి మీదన్నది మారింది.

అత్త చెప్పింది నిజం. పైమెట్టలో పాల్గొనడం అంటే సరదా. మాకు పాల్గొనడం తప్ప ఇంకేం ఉంది? నిద్ర లేచింది మొదలు పాల్గొంటూనే ఉన్నాం.

ఇవాళ అత్త మళ్ళీ షెడ్డుకి వచ్చింది. అలిగానేమో చూడ్డానికి వచ్చింది. అలిగాననే చెప్పాను. ఆవిడ నా మాట పట్టించుకోకుండా, దిమ్మ మీద అడ్డంగా పెట్టిన పొడుగు పలక చివర కూలబడింది. పలక రెండో చివర రంగు ఆరడానికి ఒక బాతుని పెట్టి ఉంచాను. అత్త కిందికి దిగింది. బాతు పైకి లేచింది.

ఇద్దరం బాతు వైపు చూశాం.

"ఓలమ్మ, ఎగిరినాదే!" అని అత్త నవ్వింది. ముందు పళ్ళు లేని నవ్వు.

లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. నేను బాతు ఉన్న చివరని నొక్కాను. పలక అత్తని మెల్లగా పైకి లేపింది. చెయ్యి పట్టుకోకుండానే నిలబడింది.

"ఇలగ లేపే బల్లుంటే ఎంత బాగుణ్ణే" అంది.

ఆ తర్వాత ఆవిడ ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. బొగ్గు ముక్కతో నేల మీద గీస్తున్నాను.

అలిసినవాళ్ళ దగ్గర ఏముంటుంది? బలం ఉండదు. బరువు ఉంటుంది. ఒంటి బరువు, దాన్ని మోసుకు తిరగలేకే కదా అలిసిపోయేది. ఆ బరువుని కింద పెడితే చాలు, ఆ పెట్టడంతోనే బాతులు ఎగరాలి. నడుమెత్తులో ఒక వెడల్పాటి పీట. పీటకి తాడు, తాడు పైన ఇరుసుకి చుట్టుకుని అవతల ఒక బరువుపెట్టె. మనిషి కూర్చుంటే పీట మెల్లగా దిగుతుంది, ఇరుసు తిరుగుతుంది, రెక్కలు లేస్తాయి. లేవాలనుకుంటే పాదాల మీద కాస్త ఒత్తిడి పెడితే చాలు, అవతలి బరువు మనిషిని పైకి లేపుతుంది. ఆ బరువు అసిరమ్మత్త బరువు కంటే కొంచెం తక్కువ ఉండాలి. కొంచెమే.

5

నేల మీది గీతని కాగితం మీదికి ఎక్కించి ఆఫీసుకి వెళ్ళాను. ఉమాకాంతం గారు అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇది బల్ల కదా?"

"కాదు సార్."

"మనిషి దీని మీద కూర్చుంటున్నాడు."

"అది చోదక పీఠం సార్."

దారిలో వస్తూ వస్తూ కల్పించిన మాట. ఆయనకి నచ్చింది. రెండుసార్లు పలికి చూసుకున్నారు.

"కానీ నిబంధన ఉంది కదా. హాల్లో కూర్చుంటే గుర్తు పడుతుంది."

"యంత్రం నడిపేవాళ్ళు కూర్చోవచ్చని కూడా ఉంది సార్. బ్రేకు తవుడు స్టూలు మీద కూర్చునే కదా బ్రేకు వేస్తాడు."

తవుడు చక్రం బ్రేకు చూస్తాడు, షిఫ్టు మారినా నేను మెట్టు మార్చినా చక్రాన్ని నెమ్మది చేస్తాడు. మెట్ట మొత్తం మీద పిర్రలకి విలువున్న ఒకే ఒక్క మనిషి.

ఉమాకాంతం గారు చాలాసేపు ఆలోచించారు. చెడ్డవాడని చెప్పను. ఆయన కూడా ఆఫీసులో నిలబడే పనిచేస్తారు, ఆయన గోడ మీద కూడా కన్ను ఉంది. చివరికి ఇలా తేల్చారు: శిల్పం కదులుతున్నంతసేపు కూర్చున్న మనిషి యంత్రం నడుపుతున్నట్టు లెక్క. శిల్పం కదలకపోతే ఆ మనిషి ఊరికే కూర్చున్నట్టు లెక్క. గంట మోగుతుంది. కన్నుకి అలా నేర్పిస్తానన్నారు.

"ఇంకోటి. ప్రారంభానికి ముందు హాల్లో ఎవరూ దాని మీద కూర్చోకూడదు. అప్పటిదాకా అది శిల్పం కాదు, బల్లే."

"అయితే నాదీ ఒకటి సార్. మొదట కూర్చునేది అసిరమ్మత్త."

"ఆవిడకి రెండు గుర్తులున్నాయి కదమ్మా."

"అందుకే."

రాసిచ్చారు. ఆ కాగితం అత్తకి చదివి వినిపిస్తే, "మరైతే బొమ్మ కదిలినంతసేపూ నన్ను లెగమనీవోడే లేడేటి?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లేడనే చెప్పాను.

6

చేతులు బొబ్బలెక్కాయి. షిఫ్టులో మెట్లు, షిఫ్టు అయ్యాక బాతులు. కునుకు తీస్తే పళ్ళచక్రం కలలోకి వస్తోంది, కలలో కూడా ఒక పన్ను తేడా వస్తోంది.

పీట ఒక్కసారిగా కిందపడకుండా గాలిరెక్క పెట్టాను. పలుచటి పలకలు నాలుగు, ఇరుసు తిరిగితే అవి గాలిని కొడుతూ తిరుగుతాయి. ఎంత బరువు కూర్చున్నా గాలి వాటిని పట్టుకుని ఆపుతుంది. ఇరుసులకి ఆముదం. ఉప్పుగాలి పట్టకుండా లక్క పూత. ఇనుము ఒక్క మేకు కూడా లేదు.

బ్రేకు తవుడు రోజూ ఒకసారి తొంగిచూసి పోతున్నాడు.

"ఏటే పోలీ, నా స్టూలుకి పోటీ బల్ల సేస్తన్నావట?"

"నీ స్టూలు ఎగరదు కదా."

"ఎగిరితే నానెప్పుడో పైమెట్టకి పోదును. నువ్వు మాత్రం ఓపాలి కూసుని సూడవేటి? మొకం సూడు, ఎండిసేపలాగ."

"నాకు అలుపు లేదు."

"నీకు అలుపు లేదా! అయితే పైమెట్టోలికి సెప్తాను, నిన్నే పెద్ద బొమ్మలాగ నిలబెట్టుకుంతారు."

ఉలి విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు.

నిజంగానే నేను కూర్చోను. కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. కోపం చల్లారిపోతుంది. కోపం లేకపోతే నేను ఎలా లేవాలి?

బరువుపెట్టెలోకి ఉప్పు పోశాను. మా మెట్ట మీద రాయి దొరకదు, ఇనుము ఇవ్వరు. చేపలు తూచినా బియ్యం తూచినా మాకు ఉప్పే తూకం. అత్తని తక్కెడలో కూర్చోబెట్టి, ఆవిడకి సరిపడా ఉప్పు పోసి, అందులోంచి రెండు దోసిళ్ళు తీసేశాను.

7

షెడ్డులో చూశాం. పనిచేసింది.

అత్త పీట మీద ఆనింది. క్షణం సేపు ఏమీ జరగలేదు. తర్వాత ఇరుసు కుయ్యిమంది, పీట దిగడం మొదలైంది. ఎంత మెల్లగా దిగిందంటే, దిగుతున్నట్టు ఆవిడకే తెలియలేదు. మొదటి బాతు రెక్క ఎత్తింది. దాని వెనక రెండోది. ఆ వెనకవి. ఒకదాని తర్వాత ఒకటి, వరసగా, ముందున్నదాన్ని చూసి వెనకున్నది నేర్చుకున్నట్టు.

నేను బాతుల వైపే చూస్తూ తప్పులు వెతుకుతున్నాను. మూడో బాతు ఎడమ రెక్క కొంచెం ఆలస్యం. సరి చెయ్యాలి. ఆ మాటే అత్తతో చెబుదామని తిరిగాను.

అత్త నిద్రపోయింది. గడ్డం గుండెల మీద, చేతులు ఒళ్ళో, అరచేతులు పైకి. బాతులు ఎగురుతూనే ఉన్నాయి.

మూడో బాతు రెక్క సరిచెయ్యలేదు. అలాగే ఉండనీ.

8

వాన. వాన. వాన.

శిల్పాన్ని విప్పి, తడవకుండా తాటాకు చాపలు కప్పి హాల్లోకి చేర్చి, మళ్ళీ బిగించాను. తవుడు సాయం పట్టాడు. పీట దగ్గర నిలబడి చూశాను, చేత్తో నొక్కి చూశాను. బిగువుగా ఉన్నట్టు అనిపించింది. మనిషి కూర్చుంటే గానీ తెలీదు. కూర్చోకూడదు. కన్ను చూస్తోంది.

హాల్లో గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి. ఆముదం ఇంకొంచెం రాశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

9

ఇది నిన్న రాయాల్సింది. నిన్న రాసే స్థితిలో లేను.

మెట్ట పుట్టినరోజు. హాలు మధ్యలో శిల్పం, ఎదురుగా తెర, తెర మీద పైమెట్ట పెద్దలు వరసగా కుర్చీల్లో. చక్కటి కుర్చీలు. వెనక చక్రం తిరుగుతూనే ఉంది, అది ఆగితే తెర ఉండదు కదా. చక్రం మీదివాళ్ళు నడుస్తూనే మెడలు తిప్పి చూస్తున్నారు.

ఉమాకాంతం గారు మాట్లాడారు. చోదక పీఠం అన్న మాట ఆరేడుసార్లు వాడారు. తర్వాత అసిరమ్మత్తని పిలిచారు. అత్త ఉతికిన చీర కట్టుకుంది. జుట్టుకి నూనె రాసుకుంది. పీట మీద కూర్చుంది.

ఏమీ జరగలేదు.

ఇరుసు కుయ్యిమనడం కోసం చూశాను. అనలేదు. పీట నడుమెత్తులోనే ఉంది, నేలకి మేకు కొట్టినట్టు. అత్త పాదాలు నేల మీద ఆడించింది. ఇంకొంచెం వెనక్కి జరిగింది. బాతులు చెక్కబాతుల్లాగే ఉన్నాయి.

గంట మోగింది. ఒకటి.

పెట్టె దగ్గరికి పరిగెత్తాను. అడుగున నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. మూత తీసి చెయ్యి పెడితే ఉప్పు ముద్దగా చేతికి అంటుకుంది. వానగాలిని తాగి తాగి ఉబ్బింది. వానల్లో ఉప్పు నీరు పడుతుందని మా మెట్ట మీద పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తూకాలన్నీ ఉప్పుతోనే వేసేవాళ్ళకి ఆ సంగతే మరుపు. అన్నీ కలిసి బరువెక్కితే ఏది బరువెక్కిందో ఎవరు చూస్తారు? ఇక్కడ మాత్రం ఒక పక్క ఉప్పు ఉంది, ఇంకో పక్క అత్త ఉంది. అత్త బరువెక్కలేదు. ఎక్కడానికి ఏం తిందని?

తీసేద్దామని దోసిలి పెట్టాను. ముద్ద గట్టిపడి రాలేదు.

"పోలమ్మా, ఏమిటిది?" ఉమాకాంతం గారు నా వెనకే వచ్చారు. "ఆవిణ్ణి లేవమను. ముందు లేవమను."

"అత్తా, లే. లేచెయ్. ఉప్పు తీసి మళ్ళీ—"

గంట మోగింది. రెండు.

అత్త నా వైపు చూసింది. భయం లేదు ఆ ముఖంలో. ఇంకేదో ఉంది.

"నాను లెగనే."

"అత్తా, మూడో గుర్తు పడుతుంది. దిగువకి పంపేస్తారు."

"పంపనీ. రాసుకోమను. కూకోమన్నారు, కూకున్నాను. ఎన్నాళ్ళకి కూకున్నాను! మల్లా లెగమంతే నావల్ల కాదు తల్లీ. నాకు లెగాలనే నేదు."

ఆవిడ అరవలేదు. ఎవరి మీదా కోపం లేదు. అదే నన్ను చంపేసింది. నా కోపమంతా పోగేసి ఏదైనా బద్దలుకొడదామని చుట్టూ చూశాను. చేతికి అందేదంతా నేను చేసిందే.

అప్పుడు నాకు కాళ్ళు ఉన్నాయని తెలిసింది. మోకాళ్ళ కింద నుంచి వణుకుతున్నాయి. ఎన్నాళ్ళ నుంచి వణుకుతున్నాయో.

వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను.

ఇరుసు కుయ్యిమంది.

ఇద్దరి బరువుకి పీట దిగింది. గాలిరెక్క గిర్రున తిరిగి గాలిని పట్టుకుంది. మొదటి బాతు రెక్క ఎత్తింది, రెండోది ఎత్తింది, మూడోది కాస్త ఆలస్యంగా ఎత్తింది. షెడ్డులో చూసినప్పుడు అవి ఏదో మొహమాటానికి ఎగిరినట్టు ఉండేది. ఇప్పుడు నిజంగా ఎగిరాయి. రెక్కల గాలి మా ముఖాలకి తగిలింది. లక్క వాసన వేసింది. మూడో గంట మోగలేదు.

"ఓలమ్మ ఓలమ్మ" అంటోంది అత్త, నా మోచెయ్యి పట్టుకుని.

కూర్చోవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. ముందు నడుం వదిలింది, తర్వాత భుజాలు, తర్వాత దవడ. దవడ ఇన్నాళ్ళూ బిగబట్టి ఉంచానని అప్పుడే తెలిసింది.

వెనక చక్రం చప్పుడు మారింది. తిరిగి చూడకుండానే చెప్పగలను, మెట్లు నావి. ఒక వరస ఆగింది. ఇంకో వరస ఆగింది. బాతుల్ని చూస్తూ ఆగిపోయారు. సగంమంది ఆగి సగంమంది నడిస్తే పడిపోతారు. తవుడు స్టూలు మీద నుంచి లేచి బ్రేకు లాగాడు.

చక్రం ఆగింది. నేను పుట్టాక ఎప్పుడూ ఆగలేదు.

దీపాలు పోయాయి. తెర పోయింది, దానితోపాటు కుర్చీల్లో పెద్దలూ పోయారు. గోడ కన్ను రెప్ప వేసింది, మళ్ళీ ఎత్తలేదు. పై కిటికీల నుంచి వాన వెలుతురు ఒక్కటే మిగిలింది. అంత నిశ్శబ్దంలో బాతుల రెక్కల చప్పుడు. వాటికి ఏ తీగా లేదు కదా, అవి ఆగలేదు.

"ఆపండి!" ఉమాకాంతం గారు అరిచారు. "తవుడూ, బ్రేకు ఎవరు వెయ్యమన్నారు?"

"మనుసులు పడిపోతారనేసి ఏసినాను సార్. రూలే కదా."

"పోలమ్మా, ఆపు దాన్ని!"

"మేం లేస్తేనే ఆగుతుంది సార్."

మేం లేవలేదు. పీట కింది దాకా వెళ్ళి, నేలకి ఆని, దానంతటదే ఆగింది. బాతులు రెక్కలు దించాయి.

అప్పుడు చీకట్లోంచి ఎవరిదో గొంతు: "అయినాదేటి? లెగండర్రా. మావు కూకోవద్దేటి?"

చూస్తే చక్రం మీదివాళ్ళంతా దిగి వరస కట్టి ఉన్నారు. ఇద్దరిద్దరుగా.

నేను లేచాను. నా బరువు తగ్గగానే అవతల పెట్టెలో ఉప్పుముద్ద దిగడం మొదలైంది. అత్త పాదాలు కదపలేదు, చెయ్యి ఆనించలేదు. పీట ఆవిణ్ణి మెల్లగా, తొందరేమీ లేకుండా పైకి లేపింది. పైన బాతులు మళ్ళీ రెక్కలు ఎత్తాయి. నడుమెత్తుకి వచ్చేసరికి అత్త ఊరికే నిలబడి ఉంది, చీర సర్దుకుంటూ.

10

కన్ను మూసి ఉంది కాబట్టి గుర్తులు పడలేదు. అత్తవి రెండే.

అందరూ కూర్చున్నాక, ఎవరూ చెప్పకుండానే ఎక్కి తొక్కడం మొదలుపెట్టారు. తొట్టిలో నీళ్ళు జానెడు తగ్గాయి. తాగకుండా ఎవరూ చావలేదు.

పైమెట్ట నుంచి కబురు వచ్చింది. ఉమాకాంతం గారు పిలిచి చదివి వినిపించారు. చివర్లో ఇద్దరు స్త్రీలు పక్కపక్కన కూర్చోగానే పక్షులు లేచి, వెంటనే చీకటి కావడం ఎంతో గాఢంగా ఉందట. ఎవరి ఆలోచన అని అడిగారట.

"ఏం చెప్పారు సార్?"

ఆయన కిటికీ వైపు చూశారు. చక్రం ఆగిందని చెబితే మొదట పోయేది ఆయన ఉద్యోగమే.

"సమష్టి ఆలోచన అని చెప్పాను" అన్నారు. గొంతు తగ్గించి, "పోలమ్మా, వానాకాలంలో ఇద్దరు కూర్చోవాలా?"

"వానాకాలంలో ఇద్దరు. ఎండలు ముదిరితే ఒకరు చాలు."

"సరిచెయ్యవా?"

"చెయ్యను."

ఆయన తలుపు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, "నేనూ కూర్చోవచ్చా? ఒక్కసారి. ఎవరైనా పక్కన..." అన్నారు. తవుడు బరువుగా ఉంటాడు, వాణ్ణి అడగమన్నాను.

ఇంక ఈ నమోదు దేనికి రాశానో అది. హాలు అవతలి చివర, మంచినీళ్ళ గది ముందు, ఇంకోటి పెట్టాలి. అక్కడ నీళ్ళకి చాలాసేపు నిలబడాలి. ఈసారి చేపలు చేస్తాను. కావాల్సింది: పనస పలకలు, అంకుడు దుంగలు, తుమ్మ. ఉప్పు నేను తెచ్చుకుంటాను.

షెడ్డులో దిమ్మ మీద కూర్చుని రాశాను.